డేర్‌డెవిల్ తొమ్మిదో ఎపిసోడ్: క్లైమాక్స్ అనుకుంటే ఇంటర్వెల్ పడింది

‘డేర్‌డెవిల్: బోర్న్ అగైన్’ మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ ‘స్ట్రెయిట్ టు హెల్’ 2025 ఏప్రిల్ 16 బుధవారం పొద్దున్నే జియోహాట్‌స్టార్‌లోకి వచ్చింది. ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి. కింద కథ మొత్తం ఉంది.

చూసేసినవాళ్లకి ముందుగా మంచి మాట. ఈ తొమ్మిదింటిలో పాత నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ప్రాణం నిజంగా తిరిగొచ్చింది ఇందులోనే. డేర్‌డెవిల్‌గా తిరిగే చూపులేని లాయర్ మాట్ మర్డాక్, నేరస్థుల్ని చంపే ‘పనిషర్’ ఫ్రాంక్ క్యాజిల్, మాట్ పాత సహచరి కేరెన్ పేజ్ ఒక్కచోట చేరిన ఆ కాసేపు, 2015 నుంచి 2018 దాకా మూడు సీజన్లు, 39 ఎపిసోడ్లు వెంటపడి చూసినవాళ్లకి కడుపు నిండుతుంది. మాట్‌గా చార్లీ కాక్స్, ఫ్రాంక్‌గా జాన్ బెర్న్‌థాల్ ఎదురెదురుగా నిలబడితే డైలాగ్ లేకపోయినా సీన్ నడుస్తుంది. ఇద్దరిదీ పాత తగాదాయే. చంపొచ్చా, చంపకూడదా? దానికి ఈసారి మాట్ ప్రాణస్నేహితుడు, తోటి లాయర్ ఫాగీ చావు తోడైంది. నాలుగో ఎపిసోడ్‌లో ఫ్రాంక్ మాట్‌ని రెచ్చగొట్టి వదిలేసిన గాయం ఇక్కడ మళ్లీ రేగింది. మేయరైన నేరసామ్రాట్టు ఫిస్క్ పెట్టిన టాస్క్ ఫోర్స్ పోలీసులు మాట్ ఫ్లాట్ మీద పడ్డప్పుడు ఇద్దరూ ఒకే పక్క నిలబడి కొట్టుకొస్తూ, మధ్యలో ఒకరి మీద ఒకరు తిరగబడటం ఈ సీజన్ మొత్తంలో బాగా రాసిన ఫైట్. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఒక వాదన ముందుకెళ్తుంది. మాట్ ఆపబోయేది శత్రువుని కాదు, పక్కనున్న మనిషి తుపాకీని.

అసంతృప్తి వేరే చోట ఉంది. ఇది సీజన్ ముగింపు. ముగియాల్సినవాటిలో ఒక్కటీ ముగియలేదు.

కారణం తెలియాలంటే ఈ సిరీస్ ఎలా తయారైందో చూడాలి. 2022లో దీన్ని 18 ఎపిసోడ్ల సీజన్ అని ప్రకటించారు. కొంత షూట్ అయ్యాక 2023లో హాలీవుడ్ సమ్మెలు వచ్చాయి. ఆ విరామంలో మార్వెల్ తీసినదంతా వేసుకుని చూసుకుంది. నచ్చలేదు. ముఖ్య రచయితలు క్రిస్ ఆర్డ్, మ్యాట్ కార్మన్‌లని తప్పించి, ‘పనిషర్’ సిరీస్‌కి రాసిన డారియో స్కార్డపేన్‌కి పగ్గాలిచ్చింది. డైరెక్టర్లుగా జస్టిన్ బెన్సన్, ఆరన్ మూర్‌హెడ్ వచ్చారు. మొదటి ఎపిసోడ్, ఎనిమిది, తొమ్మిది కొత్తగా తీశారు. మధ్యలో ఆరు చాలావరకు పాతవే, అక్కడక్కడ కొత్త సీన్లు అతికించారు. పాత పథకంలో ఫాగీ లేడు, కేరెన్ లేదు. వాళ్లని తెచ్చింది కొత్త టీమే.

పెంకుటిల్లుకి ముందు కొత్త వసారా, వెనక కొత్త వంటగది కట్టి, నడిమి గదులు అలాగే ఉంచేస్తే ఎలా ఉంటుందో ఈ సీజన్ అలా ఉంది. మొదటి ఎపిసోడ్‌లో గురి తప్పని హంతకుడు బుల్స్‌ఐ ఫాగీని చంపుతాడు, మాట్ వాణ్ణి మేడ మీంచి తోసేస్తాడు, కొమ్ముల మాస్క్ పక్కన పెట్టేస్తాడు. కథ ఏడాది ముందుకి దూకుతుంది. ఇక రెండు నుంచి ఏడు దాకా ఫాగీ తలపే అంతంత మాత్రం. ఐదో ఎపిసోడ్‌లో బ్యాంకు దోపిడీ పెట్టారు. మోహన్ కపూర్ చేసిన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, విడిగా చూస్తే ముచ్చటైన ఎపిసోడ్. కానీ దాన్ని తీసేసినా కథలో చిల్లు పడదు. రక్తంతో గోడల మీద బొమ్మలు గీసే మ్యూజ్ కథని పెంచి పెంచి ఏడో ఎపిసోడ్‌లో మాట్ ప్రేయసి హెదర్ చేతిలో తుపాకీ పేల్చి సరిపెట్టేశారు. అంత భయంకరమైన విలన్‌కి దక్కాల్సిన ముగింపు అది కాదు.

ఈ లెక్కంతా తొమ్మిదో ఎపిసోడ్ నెత్తిన పడింది. ఫాగీని చంపించింది ఫిస్క్ భార్య వెనెస్సా అని తేలాలి. ఎందుకో చెప్పాలి. ఊరు చీకటి కావాలి, ఫిస్క్ మార్షల్ లా పెట్టాలి, ఫ్రాంక్ రావాలి, కేరెన్ రావాలి, రెడ్ హుక్ రేవు రహస్యం బయటపడాలి, ఫ్రాంక్ దొరికిపోవాలి, మాట్ మనుషుల్ని కూడగట్టాలి. అన్నీ ఒకే విస్తట్లో ఒకేసారి వడ్డిస్తే ఏ రుచీ నాలుక మీద నిలవదు. ఫాగీ చావు వెనకున్న అసలు కారణం మాట్, కేరెన్ పాత ఫైళ్లు తిరగేస్తూ మాట్లాడుకునే మాటల్లో వచ్చి వెళ్లిపోతుంది. తొమ్మిది వారాల కథకి అదే ఇరుసు. దాన్ని నాలుగో ఎపిసోడ్ నుంచే తీగ లాగినట్టు లాగి ఉంటే ఇక్కడ డొంకంతా కదిలేది.

ఇక చీకటి. ఈ ఎపిసోడ్‌కి ఇంతకన్నా గొప్ప ఆలోచన లేదు, ఇంత చేజారిన అవకాశమూ లేదు.

ఫిస్క్ న్యూయార్క్ మొత్తానికి కరెంటు తీయిస్తాడు. భయం పుట్టించి, ఆ భయాన్నే చూపించి అధికారం లాక్కోవాలని. బానే ఉంది. కానీ ఆ ఊళ్లో చీకటి పడితే లాభపడే మనిషి ఒక్కడే, మాట్. అతనికి రాత్రి పగలు ఒకటే. లక్షల మంది కళ్లున్నవాళ్లు తడుముకుంటుంటే చూపు లేనివాడు ఒక్కడే దారి తెలిసినవాడు. డేర్‌డెవిల్ కథకి ఇంతకంటే మంచి సందర్భం ఎవరు ఇస్తారు? దాన్ని ఫ్లాట్ ఫైట్‌లో కాసేపు వాడుకుని వదిలేశారు. వీధుల్లోకి తీసుకెళ్లలేదు. చీకటి సగం ఎపిసోడ్‌లో వెనక పరదాగానే ఉండిపోయింది.

ఊరు మొత్తం చీకటి పడితే ఎలా ఉంటుందో విశాఖపట్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది ఇక్కడే, గంటకి 180 కిలోమీటర్లకి పైగా గాలితో. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ముందు పోయేది వెలుగు కాదు, నీళ్లు. మోటార్ తిరగదు, ట్యాంకు ఖాళీ. ఆ వెంటనే సెల్ టవర్లు, జనరేటర్‌కి డీజిల్ అయిపోతే సిగ్నల్ ఉండదు. పెట్రోల్ బంకు దగ్గర క్యూ, పాల ప్యాకెట్ కోసం క్యూ. అన్నిటికన్నా గుర్తుండిపోయేది శబ్దం. ఫ్యాన్ ఆగిపోతుంది, ఫ్రిజ్ మోత ఆగిపోతుంది, వీధి వీధంతా చెవిలో పడుతుంది. నాలుగిళ్ల అవతల పసిపిల్ల ఏడుపు, ఎక్కడో ఒక్క జనరేటర్ దడదడ, ఆ వెనక రోజూ వినపడనంత దూరం నుంచి సముద్రం. వినికిడే ఆయుధమైన హీరోకి అలాంటి రాత్రి ఒక వరం. ఆ ఒక్క అంశం మీద సౌండ్ డిజైన్ చేసి పది నిమిషాలు నడిపి ఉంటే ఇది ఏళ్లపాటు చెప్పుకునే ఎపిసోడ్ అయ్యేది. ఇందులో కరెంటు పోవడం కిటికీలోంచి కనిపిస్తుంది, టీవీ వార్తల్లో వినిపిస్తుంది. అందులో బతుకుతున్న మనుషులు కనిపించరు. నీళ్లు లేని ఇల్లు ఒక్కటైనా చూపించలేదు.

చీకటి గురించే ఇంకో మాట, చూసే పద్ధతి మీద. ఎపిసోడ్ మనకి దిగేసరికి పొద్దున్న ఆరున్నర. ఏప్రిల్‌లో వైజాగ్‌లో ఆరు కొట్టకముందే సూర్యుడు వచ్చేస్తాడు. తూర్పు కిటికీ ఉన్న హాల్లో ఈ ఎపిసోడ్ పెడితే నల్లటి స్క్రీన్ మీద మన మొహమే కనిపిస్తుంది. కర్టెన్లు వేయండి, లేదా రాత్రికి ఆపుకోండి. టీవీలో పవర్ సేవింగ్, లైట్ సెన్సర్ ఆపేయండి. చీకటి సీన్ రాగానే అవి బ్యాక్‌లైట్ ఇంకా తగ్గించేస్తాయి. పిక్చర్ మోడ్ సినిమా గానీ ఫిల్మ్‌మేకర్ గానీ పెట్టండి, మోషన్ స్మూతింగ్ తీసేయండి. అది ఉంటే ఫైట్లు సీరియల్ షూటింగ్‌లా జారిపోతాయి. ఏమీ కనపడట్లేదని చాలామంది బ్రైట్‌నెస్ పెంచేస్తారు. చాలా టీవీల్లో ఆ పేరుతో ఉన్నది నలుపు స్థాయి. అది పెంచితే నలుపు బూడిద రంగు అవుతుంది తప్ప మనిషి కనపడడు. పెంచాల్సింది బ్యాక్‌లైట్. బడ్జెట్ టీవీలో హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా పెంచి చూపే పద్ధతి) పెడితే బొమ్మ ఇంకా మసకబారుతుంది, ఎందుకంటే ఆ ప్యానెల్‌కి అంత వెలుగు ఇచ్చే శక్తి ఉండదు. సెట్టింగ్‌లో హెచ్‌డీఆర్ ఆపి మామూలుగా చూస్తే ఫ్లాట్ ఫైట్ తేటగా ఉంటుంది. టీవీ తెరల్లో ఐపీఎస్, వీఏ అని రెండు రకాలు. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్క నుంచి బాగా కనిపిస్తుంది గానీ నలుపు నిలవదు. వీఏ ప్యానెల్ ఉన్నవాళ్లు ఎదురుగా కూర్చుంటే అదృష్టవంతులు. గోడల మీద చీకటి మెట్లు మెట్లుగా విడిపోయి కనిపిస్తే టీవీ తప్పు కాకపోవచ్చు. నెట్ సరిపోక తక్కువ బిట్‌రేట్ (సెకనుకి వచ్చే డేటా) వస్తోందేమో చూడండి. క్వాలిటీ ఆటో నుంచి తీసి పైదానికి మార్చి, ఒక నిమిషం వెనక్కి జరిపి మళ్లీ ఆడించండి.

ఫిస్క్ దగ్గరికి వస్తే, విన్సెంట్ డొనోఫ్రియో నటనకి వంక పెట్టలేం. మాటకీ మాటకీ మధ్య అతను తీసుకునే ఊపిరి కూడా డైలాగే. మేయర్ కుర్చీలో కూర్చుని సీజనంతా చేతులు బిగించి ఆపుకున్న మనిషి ఈ ఎపిసోడ్‌లో పోలీస్ కమిషనర్ గాలో తలని ఉత్త చేతులతో నలిపేస్తాడు, తన మనుషులు చూస్తుండగా. చేతులు తలకి రెండు పక్కలా మెల్లగా పడతాయి, దీవిస్తున్నట్టే ఉంటుంది. తర్వాత కెమెరా పక్కకి తిరగదు. చూడటం కష్టమైన సీన్.

అయినా 2015లో కారు తలుపుతో రష్యన్ ముఠా మనిషి అనతోలీ తల చితక్కొట్టిన సీన్ ముందు ఇది ఒక మెట్టు కిందే. అక్కడ కారణం చిన్నది, అందుకే భయం పెద్దది. వెనెస్సాతో భోజనం చేస్తుంటే లోపలికొచ్చి పరువు తీశాడని. ఆ సిగ్గు కోపంగా మారడం మన కళ్ల ముందే జరిగింది. గాలోని చంపడం రాజకీయం, లెక్క వేసుకుని చేసిన ప్రదర్శన. గాలో పాత్రని ముందు ఎపిసోడ్లలో ఇంకాస్త దగ్గరగా చూపించి ఉంటే అతని చావు మనకి తగిలేది. ఇప్పుడు గుర్తుండేది చావు కాదు, మేకప్ పనితనం.

ఇక్కడ మనవాళ్లకి ఒక అనుమానం రావడం సహజం. మేయర్‌కి పోలీస్ కమిషనర్ మీద అంత పట్టేమిటని. మన దగ్గర విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) మేయర్‌కి పోలీసులతో సంబంధం లేదు, కమిషనర్‌ని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. న్యూయార్క్‌లో అలా కాదు. పోలీస్ కమిషనర్‌ని నియమించేదీ తీసేసేదీ మేయరే. 30 వేలకి పైగా సిబ్బంది ఉన్న శాఖ అది. అంచేత గాలో మొదటి నుంచీ ఇబ్బందిలో ఉన్నాడు, ఎదురు తిరగడమంటే తన కుర్చీ కింద తానే తవ్వుకోవడం. ఈ సంగతి తెలిసి మళ్లీ చూస్తే రెండో ఎపిసోడ్ నుంచి వాళ్లిద్దరి సీన్లు ఇంకా బిగువుగా ఉంటాయి. మార్షల్ లా మాత్రం న్యూయార్క్ మేయర్ చేతిలో లేదు. స్క్రిప్ట్ ఆ ప్రశ్నని తేలిగ్గా దాటేసింది.

రెడ్ హుక్ సంగతీ అంతే. పాత శాసనం ఒకటి పట్టుకుని ఆ రేవుని ‘ఫ్రీ పోర్ట్’ అని తేల్చారు కాబట్టి అక్కడ ఏ చట్టమూ పనిచేయదు, ఫిస్క్ తన జైలు కట్టుకోవచ్చు అని కథ. రేవు, దువ్వాడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రెండూ ఉన్న ఊళ్లో దీన్ని నమ్మించడం కష్టం. 2005 సెజ్ చట్టం ప్రకారం సెజ్‌ని కస్టమ్స్ పరిధి బయట ఉన్నట్టు లెక్కిస్తారు, అనుమతి ఉన్న వ్యాపారం వరకే. సరుకు మీద సుంకం విషయం అది. గేటు లోపల దొంగతనం జరిగినా హత్య జరిగినా మామూలు చట్టమే. అమెరికాలో ఫారిన్ ట్రేడ్ జోన్లదీ ఇదే పద్ధతి. సుంకం లేకపోవడం వేరు, చట్టం లేకపోవడం వేరు. మాట్, కేరెన్, ఫాగీ ముగ్గురూ లా ఆఫీసులో పెరిగినవాళ్లు. వాళ్ల నోట ఈ తేడా ఒక్క వాక్యంలో వచ్చినా సరిపోయేది, ఫిస్క్ చట్టాన్ని ఎలా వంచుతున్నాడో కూడా తెలిసేది. కోర్టు బోనులో చార్లీ కాక్స్ ఎంత బాగుంటాడో మూడో ఎపిసోడ్‌లో మాట్ వాదించిన హెక్టర్ అయాలా కేసు విచారణ చూసినవాళ్లకి తెలుసు. ఆ విద్యని ఫైనల్‌లో మూలన పెట్టారు.

ఎపిసోడ్‌లో బాగా పండిన పాయ ఫ్రాంక్‌ది. టాస్క్ ఫోర్స్ పోలీసులు అతని పుర్రె గుర్తుని ఒంటి మీద వేసుకుని తిరుగుతుంటారు, అతన్ని దేవుడిలా చూస్తుంటారు. పనిషర్ పాత్ర 1974లో స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో పుట్టింది. హీరోగా పుట్టలేదు, హెచ్చరికగా పుట్టింది. నిజ జీవితంలో అమెరికా పోలీసులు, సైనికులు కొందరు ఆ పుర్రెని బళ్ల మీద అతికించుకుంటే ఆ పాత్రని సృష్టించినవాళ్లలో ఒకరైన గెర్రీ కాన్వే బహిరంగంగా తప్పుపట్టాడు. 2019లో కామిక్‌లోనే ఫ్రాంక్ ఆ స్టిక్కర్ చింపేశాడు. ఈ ఎపిసోడ్ ఆ కోపాన్ని రేవులోకి తెచ్చింది. తనని చూసి పొంగిపోతున్న పోలీసుల్ని ఫ్రాంక్ చూసే చూపులో అసహ్యం ఉంది, దాని కింద సిగ్గు ఉంది. ఇది మీరు నా నుంచి నేర్చుకున్నారా అనే సిగ్గు. బెర్న్‌థాల్ గొంతు పెంచకుండా మొదలుపెట్టి, తర్వాత మీద పడతాడు. ఒక్కడు ఎంతమందిని కొడతాడు? చివరికి దొరికిపోతాడు. మార్వెల్ ఇంత సూటిగా మాట్లాడటం అరుదు. ఈ పాయ ఒక్కదాని కోసమైనా ఎపిసోడ్ రెండోసారి చూడొచ్చు.

జాక్ డ్యూకేన్ లాంటి ముసుగు వీరులు ఫిస్క్ బోనుల్లో ఉన్నారు. మాట్ పాత అడ్డా జోసీ బార్‌లో అతని చుట్టూ కొద్దిమంది చేరారు. మాట్ మాట్లాడతాడు, ఊరిని వెనక్కి తెచ్చుకుందాం అంటాడు. బాగుంది, రోమాలు నిక్కబొడుస్తాయి, అప్పుడే పేర్లు పడతాయి. మాట్, ఫిస్క్ ఎదురెదురు పడి తేల్చుకునే సీన్ లేదు. మొదటి ఎపిసోడ్‌లో ఆ ఇద్దరూ హోటల్‌లో టేబుల్‌కి చెరోపక్క కూర్చుని మాట్లాడుకున్న సీన్ ఎంత వేడిగా ఉంటుందో గుర్తుంటే, దానికి జవాబు కోసం ఆఖరి దాకా ఎదురుచూస్తాం. రాలేదు. వెనెస్సా చేసింది మాట్‌కి తెలిసింది, దాని మీద అతను చేసిందేమీ లేదు. బుల్స్‌ఐ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఊడిన పంటినే ఆయుధం చేసుకుని జైలు నుంచి తప్పించుకున్నాడు గానీ, ఇక్కడ కథలో లేనట్టే అయిపోయాడు. పద్దెనిమిది ఎపిసోడ్ల కథని నడిమికి విరిచారన్న సంగతి ఇక్కడే తెలిసిపోతుంది. ఇంటర్వెల్ బ్యాంగ్‌గా అయితే దీనికి ఈలలే. సెకండాఫ్ కోసం ఏడాది ఆగమంటే మాత్రం మొదటి సగంలో ఒక్క బాకీ అయినా తీర్చి పంపాలి.

కొత్తగా చూసేవాళ్లు నేరుగా దీనిలోకి దిగకండి. ఫాగీ, కేరెన్ ఎవరో తెలియకపోతే మొదటి ఎపిసోడ్‌లో తుపాకీ పేలినా మీకేం కాదు. టైమ్ తక్కువైతే నెట్‌ఫ్లిక్స్ నాటి మొదటి సీజన్ 13 ఎపిసోడ్లు పూర్తిగా, రెండో సీజన్‌లో ఫ్రాంక్ వచ్చే మొదటి నాలుగు, మూడో సీజన్ మొత్తం చూడండి. బుల్స్‌ఐ పుట్టుక మూడోదాంట్లోనే ఉంది. తర్వాత ఇందులో ఒకటి, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది చూస్తే కథ అందుతుంది. మూడోది హెక్టర్ అయాలాగా చేసిన కమార్ డి లాస్ రేయెస్ కోసం చూడండి. సిరీస్ తెర మీదికి రాకముందే 2023 డిసెంబర్‌లో ఆయన పోయారు. ఆ పాత్రని ఎంత నిండుగా చేశారో చూస్తే కళ్లు చెమ్మగిల్లుతాయి.

పేర్లు మొదలవగానే ఆపేయకండి. మధ్యలో ఇంకో సీన్ ఉంది. బోనులో ఉన్న ఫ్రాంక్ దగ్గరికి అతనంటే పడిచచ్చే కాపలావాడు వస్తాడు. కమ్మీల సందులోంచి చెయ్యి చాస్తాడు. ఆ చెయ్యి విరిగిన చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వినండి.